ఊరుమ్మడి కొండ

ఫిబ్రవరి మూడో సోమవారం అమెరికాలో సెలవు. తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ జయంతి పేరిట ఇచ్చే ఈ సెలవును జనం ప్రెసిడెంట్స్ డే అంటారు. వాషింగ్టన్ పుట్టింది ఫిబ్రవరి 22న. మూడో సోమవారం ఏ ఏడూ ఆ తేదీ దాకా రాదు. అయినా ఈ ఏర్పాటు వెనక మంచి ఆలోచనే ఉంది. 1968లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసి కొన్ని జాతీయ సెలవులను సోమవారాలకు జరిపింది. 1971 నుంచి అది అమల్లోకి వచ్చింది. శని, ఆది, సోమవారాలు వరసగా కలిసొస్తే కుటుంబాలు ఒకచోట చేరతాయనీ, ఆటపాటలకు కాస్త తీరిక చిక్కుతుందనీ ఆ చట్టం చేసినవాళ్ల ఉద్దేశం. 1986 నుంచి జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కూడా తోడైంది. అలా నడి చలికాలంలో రెండుసార్లు ఆ దేశానికి మూడేసి రోజుల విరామం దొరుకుతుంది. మంచు కురిసే రాష్ట్రాల్లో ఆ మూడు రోజులూ పిల్లాజెల్లా అంతా కొండల మీదే ఉంటారు.

స్కీయింగ్ అనగానే మనకు స్విట్జర్లాండ్ శిఖరాలు, కొలరాడోలోని ఖరీదైన హోటళ్లు, సినిమా పాటల్లో కనిపించే తెల్లటి లోయలు గుర్తొస్తాయి. డబ్బున్నవాళ్ల వేడుకగానే దాన్ని చూడటం మనకు అలవాటు. కానీ ఈ ఆటకు మరో ఇల్లుంది. ఊరి చివర ఓ మోస్తరు ఎత్తున్న కొండ, దాని మీద నాలుగైదు దారులు, కింద ఒక చెక్క షెడ్డు, లోపల వేడి సూపు, గోడవారగా ఆరబెట్టిన చేతి తొడుగులు. బడి వదలగానే పిల్లలు పరుగెత్తేది అక్కడికే. ఈశాన్య అమెరికాలోని వెర్మాంట్ లాంటి చిన్న రాష్ట్రంలో ఇలాంటి కొండలే ఈ ఆటను పెంచి పోషించాయి. రాష్ట్రమంతా కలిపినా ఆరున్నర లక్షల జనాభా దాటని ఆ సీమ నుంచి ఒలింపిక్ పతక విజేతలు ఎలా వస్తున్నారో తెలుసుకోవాలంటే ఈ కొండల దగ్గరికే వెళ్లాలి.

1934 జనవరిలో వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్ ఊళ్లో, గిల్బర్ట్ అనే రైతు పొలంలోని కొండవాలు మీద ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. ఫోర్డ్ మోడల్ టి కారు ఇంజనుతో ఒక పొడవాటి మోకును తిప్పి, దాన్ని పట్టుకున్నవాళ్లను పైకి లాగడం. అమెరికాలో అదే మొదటి రోప్ టో. అంతకుముందు ఒక్కసారి జారాలంటే కొండంతా కాళ్లీడ్చుకుంటూ ఎక్కాల్సి వచ్చేది. అరగంట ఎక్కితే జారేది అర నిమిషం. మోకు వచ్చాక అదే రోజులో అదే కొండను పాతికసార్లు జారవచ్చు. పాత కారు ఇంజను, మోకు, నాలుగు చక్రాలు ఉంటే చాలు కాబట్టి కొద్ది ఏళ్లలోనే ఎన్నో ఊళ్లు తమ తమ కొండలకు మోకులు కట్టుకున్నాయి. ఎండాకాలంలో ఆవులు మేసిన చేనే చలికాలంలో ఆటస్థలమైంది.

ఈ మోకు పట్టుకోవడం చూసినంత తేలిక కాదు. అది కింది నుంచి పైకి, పై నుంచి కిందికి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. స్కీలు రెండూ కొండవైపు సూటిగా పెట్టి నిలబడాలి. మోకును ఒక్క ఉదుటున గట్టిగా పట్టుకున్నారా, భుజం లాగేసి బోర్లా పడతారు. ముందు దాన్ని అరచేతిలోంచి జారనివ్వాలి. తొడుగు వేడెక్కుతుంది. ఆ తర్వాత పిడికిలి కొద్దికొద్దిగా బిగించాలి. మోకు వేగాన్ని శరీరం అందుకుందో లేదో, స్కీలు వాటంతట అవే కదులుతాయి. తడి మంచు పడ్డ రోజున మోకు నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. ఆరేళ్ల పిల్లకు అది ఎత్తగలిగే బరువు కాదు. అలాంటప్పుడు ముందో వెనకో ఉన్న పెద్దవాళ్లు మోకును తమ చేతులతో ఎత్తి పట్టి, ఆ పిల్ల వంతు బరువు కూడా తామే మోస్తారు. ఆ పెద్దవాళ్లు ఆ పిల్లకు బంధువులే కానక్కర్లేదు.

వెర్మాంట్‌లోనే రిచ్‌మండ్ అనే మరో ఊరుంది. మిక్కీ కాక్రన్ అనే ఇంజినీరు, ఆయన భార్య జిన్నీ అక్కడ కొండవాలున్న ఒక పాత వ్యవసాయ క్షేత్రం కొనుక్కున్నారు. 1961లో ఇంటి పెరట్లోనే రోప్ టో బిగించారు. బడి అయ్యాక చీకటి పడినా సాధన చేసుకునేలా దీపాలు పెట్టారు. నలుగురు పిల్లల కోసం మొదలైన ఏర్పాటది. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చి నిలబడితే కాదనలేదు. జిన్నీ వాళ్లందరికీ స్కీయింగ్ నేర్పింది. వంటిల్లే అందరికీ విశ్రాంతి గదైంది. మారిలిన్, బార్బరా ఆన్, బాబ్, లిండీ నలుగురూ అమెరికా జాతీయ జట్టుకు ఆడారు. 1972 సప్పోరో ఒలింపిక్స్ స్లాలమ్‌లో బార్బరా ఆన్ 0.02 సెకన్ల తేడాతో స్వర్ణం గెలిచింది. అమెరికాకు ఆల్పైన్ స్కీయింగ్‌లో అంతకుముందు స్వర్ణం వచ్చింది 1952లో. అప్పుడు గెలిచిన ఆండ్రియా మీడ్ లారెన్స్ కూడా వెర్మాంట్ బిడ్డే. మళ్లీ సరిగ్గా యాభై ఏళ్లకు, 2022 బీజింగ్‌లో, బార్బరా ఆన్ కొడుకు రయన్ కాక్రన్ సీగల్ సూపర్ జి పోటీలో రజతం అందుకున్నాడు. స్వర్ణానికి 0.04 సెకన్లు తగ్గింది.

పతకాల కథ పత్రికలకెక్కుతుంది. ఆ కొండకు ఆ తర్వాత జరిగినది అంతకన్నా గొప్పది. 1998లో కాక్రన్ కుటుంబం దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చింది. డబ్బు లేదన్న కారణంతో ఏ పిల్లవాడూ వెనుదిరగకూడదన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. చుట్టుపక్కల బడుల పిల్లలు తరగతులకు తరగతులే వచ్చి నేర్చుకుంటారు. ఒలింపిక్ స్వర్ణం మెడలో వేసుకున్న బార్బరా ఆన్ చంటిపిల్లలకు నేర్పే పనిలో ఏళ్ల తరబడి ఉన్నారు. ఆమె పద్ధతిలో ఒక విశేషముంది. తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టి తాను నేర్పడం కన్నా, తమ బిడ్డకు తామే ఎలా నేర్పుకోవాలో ఆ తల్లిదండ్రులకు చెప్తారు. బిడ్డకు ఆట వస్తుంది, ఆ ఇంటికి నేర్పే విద్య వస్తుంది.

ఈస్ట్ కొరింత్ అనే ఊళ్లోని నార్త్ ఈస్ట్ స్లోప్స్ కథ ఇంకా నిరాడంబరం. 1936 నుంచి నడుస్తున్న ఆ కొండను స్వచ్ఛంద సేవకులే నడుపుతారు. మోకు దగ్గర నిలబడేది, టికెట్లు ఇచ్చేది, పొయ్యి మీద వంట చూసేది, వేసవిలో పొదలు నరికి దారులు శుభ్రం చేసేది అంతా ఊరివాళ్లే. మంచు పడితే తెరుస్తారు, పడకపోతే లేదు. టికెట్టు ధర కూలినాలి చేసుకునేవాళ్లకు కూడా అందుబాటులో ఉంటుంది.

మూడు రోజుల సెలవులో ఇలాంటి కొండ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. తెల్లవారకముందే మంచును చదును చేసే యంత్రం వాలంతా దున్నినట్టు గీతలు గీసి పోతుంది. ఎనిమిదయ్యేసరికి బండ్లు బారులు తీరతాయి. షెడ్డులో బల్లల మీద ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలు, ఫ్లాస్కులు. బూటు పట్టక ఏడ్చే నాలుగేళ్ల పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని బకిల్స్ బిగిస్తున్న తాత. కింద నేర్చుకునేవాళ్ల వాలు దగ్గర, పడడం లేవడం తప్ప మరో పని లేని జనం. పిల్లలకు నేర్పేవాళ్లు ఒకటే మంత్రం చెప్తుంటారు. స్కీల ముందు కొసలు దగ్గర చేసి వెనక కొసలు విడదీస్తే అది పిజ్జా ముక్క ఆకారం, వేగం తగ్గుతుంది. రెండూ సమానంగా పెడితే ఫ్రెంచ్ ఫ్రైస్, వేగం పెరుగుతుంది. రోజంతా కొండ కింద ఈ రెండు మాటలే మోగుతుంటాయి.

ఆ జనంలో తెల్లటి శిలువ గుర్తున్న ఎర్ర కోట్లు వేసుకుని కొందరు తిరుగుతుంటారు. వాళ్లు స్కీ పట్రోల్. వాళ్ల కథ కూడా వెర్మాంట్‌లోనే మొదలైంది. 1936 జనవరిలో స్టో దగ్గర మైనట్ డోల్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. సాయానికి ఎవరూ లేరు. చలిలో చాలాసేపు పడి ఉన్నాక, స్నేహితులు ఇంటికప్పు రేకు ఒకటి తెచ్చి దాని మీద పడుకోబెట్టి కిందికి దింపారు. ఆ స్నేహితుల్లో ఒకడైన ఫ్రాంక్ ఎడ్సన్ రెండు నెలలకే ఒక పందెంలో ప్రమాదానికి గురై చనిపోయాడు. ఆ దుఃఖంలోంచి డోల్ ఒక పని తలకెత్తుకున్నాడు. 1938లో నేషనల్ స్కీ పట్రోల్ ఏర్పడింది. ఇప్పుడందులో సుమారు 30 వేల మంది ఉన్నారు. ఎక్కువమంది జీతం లేకుండా పనిచేసేవాళ్లే. వారమంతా బడిలో పాఠాలు చెప్పో, ఆస్పత్రిలో నర్సుగా చేసో, వడ్రంగం చేసో సెలవొస్తే కొండ మీదికి వస్తారు. లిఫ్టులు తెరవకముందే ప్రతి దారీ చూసి వస్తారు. సాయంత్రం అందరూ వెళ్లాక వాలుకు అడ్డంగా వరస కట్టి, చెట్ల మధ్య ఎవరైనా మిగిలిపోయారేమోనని కేకలేస్తూ చిట్టచివరగా దిగుతారు. అందరికీ సెలవైన రోజే వాళ్లకు ఎక్కువ పని. ఆ పనిని వాళ్లు కోరి తెచ్చుకున్నారు.

ఇలాంటి కొండలు తగ్గిపోతున్నాయి. 1980ల తొలినాళ్లలో అమెరికాలో 700కు పైగా స్కీ కేంద్రాలుండేవి. ఇప్పుడు 500 కూడా లేవు. పోయినవాటిలో చాలావరకు చిన్నవే. ఇందుకు కారణాలు చాలా ఉన్నాయి. 1978లో వెర్మాంట్ సుప్రీం కోర్టు, వాలు మీద గాయపడ్డ ఒక వ్యక్తికి స్కీ కేంద్రమే పరిహారం చెల్లించాలని తేల్చాక బీమా ఖర్చు విపరీతంగా పెరిగింది. పెద్ద రోడ్లు పడ్డాక జనం దూరాన ఉన్న పెద్ద కొండలకు వెళ్లడం మొదలైంది. అన్నిటికన్నా మించి, చలికాలాలు మెత్తబడుతున్నాయి. సరిగ్గా సెలవుల ముందు వాన కురిసి, వారాల తరబడి పేరుకున్న మంచును ఒక్క రాత్రిలో కడిగేసిన సందర్భాలు అక్కడివాళ్లకు కొత్త కాదు.

మంచును తయారు చేసుకునే విద్య ఉంది. 1950లో కనెక్టికట్ రాష్ట్రంలో అది మొదలైంది. నీటిని, ఒత్తిడితో నింపిన గాలిని కలిపి సన్నటి తుంపరగా పైకి చిమ్మితే, నేలకు చేరేలోపు ఆ తుంపర గడ్డకట్టి మంచుగా రాలుతుంది. చలి ఒక్కటే చాలదు, గాలి పొడిగా కూడా ఉండాలి. తేమ ఎంత తక్కువుంటే అంత సులువుగా గడ్డకడుతుంది. రాత్రిళ్లు చలి పెరుగుతుంది కాబట్టి ఆ యంత్రాలు ఎక్కువగా అప్పుడే నడుస్తాయి. కానీ వాటికి చెరువు కావాలి, పంపులు కావాలి, కంప్రెసర్లు కావాలి, కరెంటు బిల్లు కట్టే స్థోమత కావాలి. పెద్ద సంస్థలు అవన్నీ సమకూర్చుకోగలవు. రోప్ టో మాత్రమే ఉన్న ఊరి కొండకు ఆకాశమే దిక్కు.

పెద్ద కొండలను తప్పు పట్టాల్సిన పని లేదు. వాటి ఎత్తు, వాటి అందం వాటివి. వేలమందికి అవి ఉపాధి ఇస్తాయి. కానీ వాటిలో పేరుమోసిన కొన్నిచోట్ల సెలవు రోజున అప్పటికప్పుడు కొనే ఒక్కరోజు టికెట్టు 300 డాలర్లు దాటింది. నలుగురున్న మామూలు కుటుంబం ఆ ధర పెట్టి కొత్తగా నేర్చుకోవడానికి వెళ్లదు. పడుతూ లేస్తూ, ఏడుస్తూ నవ్వుతూ మొదటి రోజులు గడపడానికి చవకైన చోటు, దగ్గరి చోటు, తెలిసిన మొహాలున్న చోటు ఉండాలి. ఊరి కొండ మూతపడితే పెద్ద కొండకు రేపు వచ్చే మనుషులు కూడా తగ్గిపోతారు. అంతకన్నా పెద్ద నష్టం ఆ ఊరిదే. చలికాలమంతా తలుపులు మూసుకుని ఎవరిళ్లలో వాళ్లు ఉండిపోయే నెలల్లో, అందరినీ బయటికి రప్పించి ఒకచోట నిలబెట్టేది ఆ కొండే కాబట్టి.

అందుకే కొన్నిచోట్ల జనమే పూనుకున్నారు. వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్‌ను 1995లో అక్కడ స్కీయింగ్ చేసేవాళ్లే వాటాలు వేసుకుని కొన్నారు, సహకార సంఘంగా నడుపుతున్నారు. 1948 నాటి ఒంటి కుర్చీ లిఫ్టు అరిగిపోతే, దాని తీరు మారకుండా బాగు చేయించుకున్నారు. ఐడహోలోని బోగస్ బేసిన్, మోంటానాలోని బ్రిడ్జర్ బౌల్ కూడా లాభం పంచుకోని సంస్థలే. కొండకు యజమాని ఎవరన్న ప్రశ్నకు ఈ ఊళ్లు చెప్పే సమాధానం, దాని పని పంచుకున్నవాళ్లందరూ అని.

ఈ మాట తెలుగువాళ్లు ప్రత్యేకంగా వినాల్సినది. బోస్టన్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో, సియాటిల్‌లో మనవాళ్ల కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. న్యూజెర్సీవాళ్లకు పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోని పొకోనో కొండలు, సియాటిల్‌వాళ్లకు గంట ప్రయాణంలో స్నోక్వాల్మీ కనుమ ఉన్నాయి. మూడు రోజుల సెలవొస్తే మనవాళ్లూ నాలుగు కుటుంబాలు కలిసి, పులిహోర డబ్బాలు సర్దుకుని బయల్దేరతారు. గుంటూరు ఎండల్లోనో, కరీంనగర్ ఎండల్లోనో పెరిగిన తల్లిదండ్రులు ముప్ఫై అయిదో ఏట, నలభయ్యో ఏట మొదటిసారి ఆ బరువైన బూట్లలో కాళ్లు పెడతారు. పిల్లలు బడి ద్వారా ముందే నేర్చుకుని ఉంటారు. "నాన్నా, పిజ్జా పెట్టు, పిజ్జా!" అని పై నుంచి అరిచే కూతురి మాట విని వేగం తగ్గించుకునే తండ్రులను అక్కడ చూడవచ్చు. బిడ్డ చెప్పింది పెద్దవాడు విని నేర్చుకునే ఆ కాసేపు ఆ ఇద్దరికీ మేలు చేస్తుంది. వలస వెళ్లిన ఇంట్లో ఆ దేశపు మాటా, ఆటా, రుతువుల తీరూ తరచూ పిల్లల ద్వారానే లోపలికి వస్తాయి.

అయితే టికెట్టు కొన్నంత మాత్రాన కొండ మనదైపోదు. మనం అక్కడ అతిథులమే. సాయంత్రం అద్దె స్కీలు తిరిగిచ్చేసి, ఫొటోలు బంధువులకు పంపి, కారెక్కి వెళ్లిపోతాం. ఒక చోటు మనదయ్యేది దాని పనిలో మన చేయి పడ్డప్పుడే. ఈ సంగతి మనవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. పరాయి దేశంలో గుడి కట్టుకున్నది వంతులవారీగా పనిచేసే. సంక్రాంతి, ఉగాది వేడుకలకు కుర్చీలు వేసేది, వందలమందికి వడ్డించేది, అర్ధరాత్రి దాకా హాలు ఊడ్చేది అందరూ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. శనివారాలు పిల్లలకు తెలుగు నేర్పే తల్లులకు జీతాలు లేవు. మనదనుకున్న దాని కోసం ఒళ్లు వంచడం మనకు బాగా వచ్చు. ఆ మనదన్న దానిలో మనం బతుకుతున్న ఊరి కొండను కూడా కలుపుకోవాలన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

అక్కడ చేయడానికి పనులకు కొదవ లేదు. పిల్లల పందేలకు వాలు మీద జెండాలు పాతాలి. అంకెలున్న చొక్కాలు పంచాలి, సమయం రాయాలి. షెడ్డులో సూపు పోయాలి. అక్టోబరులో దారుల మీద పడ్డ కొమ్మలు ఏరాలి. ప్రథమ చికిత్స నేర్చుకుంటే ఎర్ర కోటు కూడా వేసుకోవచ్చు. స్కీయింగ్ బాగా రావాలన్న నియమం ఈ పనుల్లో చాలావాటికి లేదు. అలా ఒక చలికాలం పనిచేస్తే పక్కింటివాళ్ల పేర్లే కాదు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు కూడా తెలుస్తాయి. మన పిల్లలు ఆ ఊళ్లో పుట్టి పెరుగుతున్నారు. తమ అమ్మానాన్నలు ఆ ఊరికి పన్ను కట్టడం వాళ్లకు కనిపించదు. మోకు దగ్గర నిలబడి పొరుగు పిల్లను పైకి పంపుతున్న అమ్మ మాత్రం కళ్లారా కనిపిస్తుంది. ఇది మన ఊరు అన్న నమ్మకం పిల్లల్లో అక్కడ నాటుకుంటుంది.

మూడు రోజుల సెలవును చట్టం ఇవ్వగలదు. ఆ సెలవుకో అర్థం, ఆ కొండకో ఆయుష్షు ఇచ్చేది మాత్రం మనుషులే. మిక్కీ, జిన్నీ కాక్రన్ తమ పిల్లల కోసం కట్టిన మోకును ఊరి పిల్లలందరికీ అందించారు. మైనట్ డోల్ తన దుఃఖాన్ని వేలమంది క్షేమంగా మార్చాడు. వాళ్లు మొదలుపెట్టిన పనికి వారసులు కావడానికి రక్తసంబంధం అక్కర్లేదు, ఏ దేశంలో పుట్టామన్నదీ అడ్డురాదు. ఈసారి సెలవుకు కొండకు వెళ్లే మన కుటుంబాల్లో కొన్నైనా టికెట్టు కిటికీ దగ్గర మరో మాట అడగాలి: మేం చేయగలిగిన పనేమైనా ఉందా? ఏ ఊరి కొండ దగ్గరైనా ఆ ప్రశ్నకు ఉందనే జవాబు వస్తుంది.